రాగి తలుపుతో రెడ్‌మండ్ దాకా

అమెరికా రెస్టారెంట్లతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ప్లేటు మన ముందు పెట్టి వెళ్ళిన మనిషి, మనం ఫోర్కు చేతిలోకి తీసుకునేలోపే మళ్ళీ వచ్చి "ఎలా ఉంది?" అని అడుగుతుంది. ముద్ద ఇంకా నోటిదాకా రాలేదు. అయినా "చాలా బాగుంది" అంటాం. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోతుంది. ఈ దేశానికొచ్చి పన్నెండేళ్ళయింది, "తిని చెప్తానమ్మా" అని ఒక్కసారి కూడా అనలేకపోయాను. అడిగేవాళ్ళు మానరు, చెప్పేవాళ్ళం మానం.

ఇక ప్రయాణం సంగతి.

బెంటన్‌విల్: బయలుదేరడం

బెంటన్‌విల్ ఆర్కన్సా రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. పెద్ద దుకాణాల కంపెనీ ఒకటి అక్కడుంది కాబట్టి మనవాళ్ళూ అక్కడున్నారు. నేను ఆ కంపెనీకి కాంట్రాక్టు మీద టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి, "పాస్" అనో "ఫెయిల్" అనో రాయడం నా ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నా దగ్గరికొచ్చే ప్రోగ్రాంలు మామూలుగా సరిగ్గానే పనిచేస్తుంటాయి.

ఈ ప్రయాణం నాది కాదు, డాక్టర్ వెంకటరత్నం గారిది. ప్రకాశం జిల్లా చినగంజాం మనిషి. డెబ్భైలలో ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళు గుండెలు చూసి రిటైరయ్యారు. రిటైరైన డాక్టర్లు గోల్ఫ్ ఆడతారు, లేదా గుడి కమిటీలో చేరి పోట్లాడుకుంటారు. ఈయన వీడియో గేమ్ తయారుచేశారు. హాస్పిటల్లో ట్రైనింగ్ రోజుల్లో, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య, ఫ్లాపీ పెట్టి ఆడుకున్న పాత ఆటల మీద ఆయనకి అంత ప్రేమ. నలుగురు వీరుల్ని వెంటేసుకుని గుహలోకి దిగాలి. అడుగు తర్వాత అడుగు. మనం ఒక దెబ్బ కొడితే, రాక్షసుడు తన వంతు వచ్చేదాకా మర్యాదగా ఆగుతాడు. ఆట మనకి మ్యాపు ఇవ్వదు. గ్రాఫు కాగితం మీద మనమే గీసుకోవాలి.

అలాంటి ఆట ఒకటి ఒంటిచేత్తో చేసి దానికి 'రాగి తలుపు' అని పేరు పెట్టారు. గుహలో అంతస్తుకో దీపం. దీపాలన్నీ వెలిగిస్తే అట్టడుగున రాగి తలుపు తెరుచుకుంటుంది. రాక్షసులకి ఆయనకి తెలిసిన పేర్లే పెట్టారు. లయ తప్పిన గుండె జబ్బు పేరున్న అరిథ్మియా అనేవాడు ఎప్పుడు కొడతాడో తెలియదు. మూడో అంతస్తు కాపలావాడి పేరు ప్రయర్ ఆథరైజేషన్, అంటే వైద్యానికి ముందు ఇన్సూరెన్సువాళ్ళు ఇవ్వాల్సిన అనుమతి. అతను కత్తికి చావడు, మూడుసార్లు ఒకే ఫారం నింపాలి.

అమ్మకానికి పెట్టకముందు, ఐదేళ్ళ క్రితం, ఆట నాకిచ్చి "చివరిదాకా ఆడి చెప్పు నాయనా, నీ వృత్తే కదా" అన్నారు. రెండో అంతస్తు దాకా ఆడాను. తర్వాత ఆఫీసులో పని ఎక్కువైంది. నెల తర్వాత గుడిలో పులిహోర లైన్లో ఎదురుపడి "ఎలా ఉంది?" అన్నారు.

"చాలా బాగుంది సార్. మొత్తం ఆడేశా. కొంచెం పొడవనిపించింది, అంతే."

దేని గురించైనా చెప్పదగిన మాట అది. సినిమా గురించి చెప్పచ్చు, పెళ్ళి గురించి చెప్పచ్చు, మనిషి గురించి కూడా చెప్పచ్చు.

ఆట కొన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, కాలివేళ్ళు కూడా కలుపుకుంటే. కానీ డాక్టర్ గారు కుంగిపోలేదు. "ఒక్కడు చివరిదాకా ఆడాడు. ఒక్కడు చాలు" అని రెండో భాగం మొదలుపెట్టారు. ఆ ఒక్కడూ నేనే. నాలుగేళ్ళు పట్టింది. వాషింగ్టన్ రాష్ట్రం రెడ్‌మండ్‌లో చిన్న గేమ్‌లవాళ్ళ సంత ఒకటి జరుగుతుందంటే అక్కడ ఒక బల్ల తీసుకున్నారు. నన్ను తోడు రమ్మన్నారు. ఎలా కాదంటాను?

విమానంలో రెండు పూటల పని. కానీ ఆయన ఆట ఆయన పాత మానిటర్ మీదే చూడాలట. వెనకాల ఏనుగు కూర్చున్నట్టుండే గాజు మానిటర్ అది. కొత్త స్క్రీన్ల మీద బొమ్మలు మరీ శుభ్రంగా కనిపిస్తాయని ఆయన ఫిర్యాదు. కాబట్టి దాన్ని దుప్పట్లో చుట్టి, వెనకసీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాం.

డాక్టర్ గారి భార్య సుశీలమ్మ ఆంటీ పులిహోర డబ్బా, గోంగూర సీసా ఇచ్చింది. "గుండెలు చూసినన్నాళ్ళూ ఇంటిపట్టున లేరు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటారు, గుహలో" అంది. మానిటర్‌కేసి చూసి, "నాకెప్పుడన్నా అంత జాగ్రత్తగా బెల్టు పెట్టారా?" అని కూడా అంది.

ఊరు దాటుతుండగా డాక్టర్ గారు అడిగారు: "నీ నలుగురినీ తెచ్చావా?"

పాతకాలం ఆటల్లో ఇదొక ఆచారం. మొదటి భాగం పూర్తిచేసిన వీరుల్ని రెండో భాగంలోకి తోడు తీసుకెళ్ళచ్చు. సంతలో నా నలుగురితోనే రెండో భాగం చూపిస్తారట. నా ల్యాప్‌టాప్‌లో ఆ నలుగురు ఐదేళ్ళుగా రెండో అంతస్తులో నిలబడి ఉన్నారు. వాళ్ళ పేర్లు టెస్ట్1, టెస్ట్2, టెస్ట్3, టెస్ట్4.

"తెచ్చాను సార్."

కాన్సస్: ఒక వేలు

కాన్సస్ గురించి చెప్పడానికి ఏమీ లేదని చెప్పేవాళ్ళు కాన్సస్ చూసినవాళ్ళే. పొద్దుతిరుగుడు చేలు ఎండిపోయి, తప్పు చేసిన క్లాసులాగా తలలు వంచుకుని నిలబడ్డాయి. చిన్న రోడ్ల మీద ఎదురొచ్చే రైతు స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకెత్తుతాడు. అది పలకరింపు. డాక్టర్ గారు తిరిగి ఒక వేలెత్తేవారు. నేను మొదట్లో చెయ్యి మొత్తం ఊపాను. "అంత అక్కర్లా, చుట్టమనుకుంటాడు" అన్నారు.

ఆయన స్టీరింగ్ ఎవరికీ ఇవ్వరు. అది నాకు కలిసొచ్చింది. పక్కసీట్లో ల్యాప్‌టాప్ తెరిచి, "సంతకి ముందు మళ్ళీ ఒకసారి ఆడతా సార్" అన్నాను.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పి నావైపు చూశారు. లారీ ఒకటి హారన్ కొట్టింది.

"రెండోసారా?"

"అవును సార్."

ఆయన సీటు పక్కనుంచి ఒక కట్ట తీసి నా ఒళ్ళో పెట్టారు. గుండె పరీక్షకి వాడే గులాబిరంగు గళ్ళ కాగితం. ఆయన మ్యాపులు దాని మీదే గీస్తారు. "గ్రాఫు కాగితం కంటే ఇది మేలు. గళ్ళు చిన్నవి" అన్నారు.

మధ్యాహ్నం ఒక డైనర్‌లో ఆగాం. చెర్రీ పళ్ళు కూరి కాల్చిన 'పై' ముక్క నాలుగున్నర డాలర్లు, కాఫీ ఎన్నిసార్లు పోసినా అదే రేటు. వడ్డించే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. కిటికీలోంచి మా కారు చూసి, "వెనక సీట్లో పెద్దావిడని అలా వదిలేశారేం? ఆకలెయ్యదా?" అంది. మానిటర్ అని చెబితే నమ్మలేదు, వెళ్ళి చూసొచ్చింది. పై ఎలా ఉందని అడిగింది. డాక్టర్ గారు చెయ్యెత్తి ఆగమన్నారు, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు, పూర్తిగా నమిలారు, మింగారు. అప్పుడు "అడుగు కొంచెం మెత్తబడింది" అన్నారు. ఆవిడ నొచ్చుకోలేదు. "పొద్దుటిది కదా" అని ఇంకో ముక్క పట్టుకొచ్చింది, డబ్బు తీసుకోలేదు. ఇలా కూడా జరుగుతుందని నాకు అంతవరకూ తెలియదు.

వయోమింగ్: గాలి

కదిలే కారులో గళ్ళ కాగితం మీద గుహ గీయకూడదు. వయోమింగ్ సరిహద్దు దాటాక ఈ విషయం తెలిసింది. కారు ఆపి రోడ్డు పక్కన వంగితే, గాలికి తిన్న పులిహోర కూడా నేరుగా కిందపడలేదు. డాక్టర్ గారు నా మణికట్టు పట్టుకుని వాచీ చూసుకున్నారు.

"ఎక్కడున్నావ్?"

"నాలుగో అంతస్తు సార్."

"ఆఁ, అక్కడ ఎవరికైనా తిప్పుతుంది" అన్నారు, గర్వంగా.

ఆ సాయంత్రం దిగిన మోటెల్ గుజరాతీ ఆయనది. మేం మానిటర్ మోసుకొస్తుంటే ఆయన మొహం మాడిపోయింది. "మా గదుల్లో టీవీలున్నాయి సార్, అన్నీ పనిచేస్తాయి" అన్నాడు. ఎంత చెప్పినా ఆయన మనసు కుదుటపడలేదు. మర్నాడు పొద్దున అల్లం టీ ఇస్తూ కూడా "మీ గదిలో టీవీ బానే వచ్చిందా?" అని అడిగాడు. "చాలా బాగా వచ్చింది" అన్నాను. మేం అసలు వేసి చూడలేదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆట నాకు నచ్చడం మొదలైంది. అంతకుముందే, కాన్సస్‌లో, ఫారాలు నింపి నింపి ప్రయర్ ఆథరైజేషన్‌ని దాటినప్పుడు సీట్లో కూర్చునే ఎగిరాను. "దాటావా?" అన్నారు డాక్టర్ గారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. మూడోరోజు పొద్దునకల్లా దీపాలన్నీ వెలిగించి రాగి తలుపు ముందు నిలబడ్డాను. అది తెరుచుకోలేదు. వెనక్కెళ్ళి ప్రతి గదీ మళ్ళీ తిరిగాను. తెరుచుకోలేదు.

ఆ తలుపు చేసిన మనిషి నాకు అడుగున్నర దూరంలో కూర్చుని పల్లీలు తింటున్నాడు. అడగడానికి వీల్లేదు. నేను దాన్ని ఐదేళ్ళ క్రితమే తెరిచాను కదా.

"దీపాలన్నీ దొరకడం జనాలకి కష్టమేమో కదా సార్?" అన్నాను, జనాల మీద జాలితో.

"నీకు దొరికాయిగా" అన్నారాయన.

యూటా: ఉప్పు

సాల్ట్ లేక్ సిటీ నుంచి మేం ఉత్తరానికి తిరగాలి. డాక్టర్ గారు పడమటికి తిప్పారు. "గంటన్నర పోతుంది, పోనీ" అన్నారు. అక్కడ ఉప్పు నేల ఉంది. కంటికి ఆనినంత దూరం తెలుపు, బల్లపరుపు. ఆయన చెప్పులు విప్పి దాని మీద నడిచారు. నేనూ విప్పాను. పాదాలు మండాయి.

ఒక అమెరికన్ కుటుంబం పెళ్ళి ఫొటోలు తీసుకుంటోంది. పెళ్ళికూతురు తెల్లగౌను అంచుకి ఉప్పు పట్టి బిరుసెక్కింది. వాళ్ళ నాన్న మాకు చల్లటి నిమ్మరసం డబ్బాలిచ్చి, "మీ ఊళ్ళో ఇలాంటిది ఉందా?" అనడిగాడు.

"ఉంది. కానీ మా ఊళ్ళో దీన్ని మనుషులే చేస్తారు" అన్నారు డాక్టర్ గారు. డాక్టర్ గారి నాన్న ఉప్పు కొఠారుల్లో గుమాస్తా అట. మడుల్లో నీళ్ళు పెట్టడం, ఎండబెట్టడం, ఉప్పు పలకతో లాగి కుప్పలు పోయడం అంతా ఆ పెద్దమనిషికి వివరించారు. ఆయన శ్రద్ధగా విని, "చాలా బాగుంది" అన్నాడు. మడులు ఆయన చూడలేదు, నేనూ చూడలేదు.

కారెక్కాక డాక్టర్ గారు మామూలుగా చెప్పారు: "నా ఆటలో ఐదో అంతస్తు ఇదే. చుట్టూ ఉప్పు. గోడలుండవు, దారి తెలీదు. మా నాన్నది ఒక చిన్న బొమ్మ కూడా పెట్టాను, లెక్కపుస్తకం పట్టుకుని దీపం దగ్గర కూర్చుని ఉంటాడు."

"ఐదో అంతస్తు కోట కదా సార్?" అన్నాను. అప్పటికి నిజంగా ఆడి ఉన్నాను కాబట్టి ధైర్యంగానే అన్నాను.

"నీకిచ్చినప్పుడు అది ఆరోది. నువ్వు పొడవుగా ఉందన్నావుగా. అమ్మకానికి పెట్టేముందు ఒకటి తీసేద్దామనుకుంటే, నాకు బాగా ఇష్టమైందే తీశాను. ఇష్టమైందే అనవసరంగా సాగదీసి ఉంటానని. ప్రయాణంలో ఆడతావని నీ మెషిన్‌లోనూ మొన్న కొత్తదే ఎక్కించా. నీ నలుగురూ అలాగే ఉంటార్లే, వాళ్ళనేం కదపలా."

కదపలేదు, చూడనూ లేదు. నేను కిటికీలోంచి ఉప్పు చూస్తూ వేళ్ళు మడిచాను. ఏడు అంతస్తుల్లో ఒకటి పోతే ఆరు. ఆరు దీపాలు. తలుపు ఏడు దీపాల కోసం చూస్తోంది. ఆయన అంతస్తు తీసి, తలుపుకి చెప్పడం మర్చిపోయారు. కాబట్టి ఆట కొన్న ఏ ఒక్కరూ దాన్ని పూర్తిచేసి ఉండరు. పూర్తిచేయలేరు. నాకిచ్చినప్పుడు ఈ తప్పు లేదు, ఆడకుండా నేనన్న ఒక్క మాట వల్లే వచ్చింది.

ఒక్క అంకె మారిస్తే చాలు. కానీ దాన్ని మార్చడానికి ఆయన నా ల్యాప్‌టాప్ తెరిస్తే, ఐదేళ్ళ క్రితమే తలుపు దాటాల్సిన నా నలుగురూ ఇవతలే నిలబడి కనిపిస్తారు. నాలుగేళ్ళు ఆయన ఎందుకు పనిచేశారో, ఆ కారణం కూడా ఆ అంకెతోపాటే పోతుంది.

ఐడహో: బంగాళాదుంపలు

ఐడహో దాటేలోపు చెబుదామనుకున్నాను. ఇంతలో పెట్రోల్ బంకు వచ్చింది. తర్వాత చెబుదామనుకున్నాను, కాల్చిన బంగాళాదుంప వచ్చింది. చిన్నపిల్లాడి తలంత ఉంది, మీద పుల్లటి మీగడ. డాక్టర్ గారు దాని మీద గోంగూర వేసుకున్నారు. పక్క టేబుల్ ముసలాయన అదేంటని అడిగి, కొంచెం రుచి చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం అడిగాడు. ఆ సందడిలో చెప్పడం కుదరలేదు.

డాక్టర్ గారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను ల్యాప్‌టాప్ తెరిచాను. ఆటలో మన నలుగురి వివరాలన్నీ ఒక చిన్న ఫైల్లో ఉంటాయి. 'పూర్తయిందా?' అన్నచోట 'లేదు' అని ఉంటే 'అవును' అని మార్చాను. ఆఫీసులో దీన్ని డేటా కరెక్షన్ అంటాం. టెస్ట్1, టెస్ట్2, టెస్ట్3, టెస్ట్4 తలుపు తెరవకుండానే అవతలికి వెళ్ళిపోయారు. నాకంటే వాళ్ళే ఎక్కువ సిగ్గుపడి ఉండాలి.

రెడ్‌మండ్: సంత

రెడ్‌మండ్‌లో సన్నగా వాన. ఊరంతా మనవాళ్ళే, కాఫీ లైన్లో ముందున్న ఇద్దరు గ్రీన్‌కార్డ్ డేట్ల గురించీ వెనకున్న ఇద్దరు ప్లేస్కూల్ గురించీ తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ఇడ్లీ రెండు పదకొండు డాలర్లు. బెంటన్‌విల్‌లో ఇడ్లీ ఇంట్లోనే చేసుకుంటాం కాబట్టి పోల్చి చూడలేకపోయాను.

సంత ఒక కాలేజీ హాల్లో. మిగతా బల్లల మీద మెరిసే స్క్రీన్లు, రంగుజుట్టు కుర్రాళ్ళు. మా బల్ల మీద ఏనుగు మానిటర్, దాని వెనక స్వెట్టర్ వేసుకున్న డాక్టర్ గారు. జనం మానిటర్‌తో ఫొటోలు దిగారు. కొందరు ఆట కూడా ఆడారు. నా నలుగురూ రెండో భాగంలో రాజుగారి ముందు నిలబడితే, ఆయన "రాగి తలుపు తెరిచిన వీరులారా!" అని పొగుడుతున్నాడు. నేను బ్రోషర్లు సర్దుతున్నాను.

భోజనాల వేళకి వానకోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు డోనా. స్పోకేన్ అవతల పల్లెల్లో ఉత్తరాలు పంచే ఉద్యోగం. పోస్టు సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. గ్రాఫు కాగితాలు, ఆరు అంతస్తులు, ప్రతి గడీ పెన్సిల్‌తో నింపి ఉంది. అంత శుభ్రమైన గుహ నేను చూడలేదు.

"రాగి తలుపు దగ్గర మూడేళ్ళుగా ఆగిపోయాను. మీరొస్తున్నారని చూసి వచ్చాను. నేనేం చూడలేదో చెప్పండి" అంది.

డాక్టర్ గారు ఆ పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. "ఎక్కడో ఒక దీపం వదిలేసుంటావమ్మా" అన్నారు మెల్లగా. "తలుపు తెరుచుకుంటుంది. ఇదుగో, ఇతను తెరిచాడు. వీళ్ళు ఇతని మనుషులే."

ఆవిడ స్క్రీన్ మీద నా నలుగురినీ చూసింది. పేర్లు చదివింది. నావైపు తిరిగి, చాలా ఆశగా, "ఎక్కడుంది ఆ దీపం?" అంది.

నేను బ్రోషర్లు మళ్ళీ మొదట్నుంచి సర్దాను.

"పర్లేదు, చెప్పక్కర్లేదు. నేనే వెతుక్కోవాలి కదా, ఆటంటే అదే" అని ఆవిడే అంది. "మూడేళ్ళు చూసి కూడా నాకు కనబడలేదంటే తప్పు నాదే." నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకోబోయింది. మూసేముందు ఐదో అంతస్తు మీద వేలితో ఒకసారి రాసుకుంది, దీపం అక్కడేమన్నా తగులుతుందేమో అన్నట్టు.

"డాక్టర్ గారూ," అన్నాను తెలుగులో. "దీపాలు ఆరే ఉన్నాయి సార్. తలుపు ఏడు అడుగుతోంది. మీరు ఉప్పు అంతస్తు తీసేశారు కదా."

"మరి దారిలో ఆడినప్పుడే నాకెందుకు..." అని ఆగిపోయారు.

"నేను ఆడలేదు సార్. ఐదేళ్ళ క్రితం. ఈ ఫైల్ కూడా నేనే మార్చాను."

ఆయన నావైపు చూడలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తలుపు రాసిన చోటు వెతికారు. దొరికాక చాలాసేపు దాన్నే చూశారు, రిపోర్టులో గీత సరిగ్గా లేనప్పుడు చూసేవారేమో అలా. ఏడు తీసి ఆరు పెట్టారు. డోనా ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి ఆవిడ నలుగురినీ ఎక్కించారు. వాళ్ళ పేర్లు ఆవిడ ఉత్తరాలు పంచే దారిలో ముసలివాళ్ళవట. ఇద్దరు ఇప్పుడు లేరట.

"తప్పు నీది కాదమ్మా, నాది" అని కుర్చీ ఆవిడకిచ్చి పక్కన నిలబడ్డారు.

తలుపు తెరుచుకుంది. పాతకాలం స్పీకర్‌లోంచి నాలుగు స్వరాలొచ్చాయి. రంగుజుట్టు కుర్రాళ్ళు కొందరు వచ్చి చప్పట్లు కొట్టారు. డోనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటలో ఆ చివరి గది నేనూ అప్పుడే మొదటిసారి చూడటం. బాగుంది. ఆ తర్వాత పేర్లు మెల్లగా పైకి జరిగాయి. ఆట, బొమ్మలు, సంగీతం: వెంకటరత్నం. కాఫీ: సుశీల. చివరిదాకా ఆడి పరీక్షించినవాడు: కిరణ్.

"కిరణ్ ఎవరు?" అంది డోనా.

నేను చెయ్యెత్తాను. కాన్సస్‌లోలాగా, ఒక్క వేలు. ఆవిడ నన్ను చూసి, నోటుబుక్కులో తలుపున్న గడిని పెన్సిల్‌తో నింపుకుంది.

సాయంత్రం వాన తగ్గాక మానిటర్‌ని మళ్ళీ దుప్పట్లో చుట్టాం. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని వెనకసీట్లో కూర్చోబెట్టాం. ఆయనే వంగి బెల్టు పెట్టి, గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశారు. డ్రైవర్ సీట్లో కూర్చున్నారు, తాళం పెట్టారు, తిప్పలేదు.

"పొడవుగా ఉందన్నావుగా అప్పుడు," అన్నారు. "ఎక్కడయ్యా నీకు పొడవనిపించింది?"